మీరడిగారు, మేం చెప్తున్నాం: గండిపేట నుంచి గోదావరి దాకా వెళ్లాం, తర్వాత ఎక్కడికి?

నీళ్లు, ఇసుక, బొగ్గు, మొత్తంగా ఈ భూమిని మనం వాడుకుంటున్న తీరు మీద ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగాం. చాలానే వచ్చాయి. అన్నీ వేసే చోటు లేదు కాబట్టి ఒకరు అడిగితే నలుగురికి పనికొచ్చేవి తీసుకున్నాను. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ, అందుకని అందరివీ ఏరియా పేరుతోనే ఇస్తున్నాం.

ప్రశ్న: మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మొదటి బోరు 400 అడుగులు, అది ఎండిపోయాక 1000 అడుగులకి ఇంకోటి వేయించాం, ఈ ఎండాకాలం అదీ పోయింది. ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌ని దాటిపోయింది. ఇప్పుడు కమిటీలో కొందరు 1500 అడుగులకి కొడదాం అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: వద్దమ్మా. డబ్బు దండగ అనే ఒక్క కారణంతో చెప్పట్లేదు, కొంచెం ఓపిగ్గా చదివి మీ కమిటీలో కూడా చదివి వినిపించండి.

మన సిటీ కింద ఉన్నది గ్రానైట్ రాయి, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది, జూబ్లీహిల్స్‌లో గోల్కొండ దగ్గర గుట్టలు గుట్టలుగా కనిపించేది అదే. ఈ రాతిలో నీళ్లుండేది రెండే చోట్ల, పైన రాయి మెత్తబడి మొరంగా మారిన పొర ఒకటి, దాని కింద రాతిలో అక్కడక్కడా ఉండే పగుళ్లు ఇంకోటి. లోతుకి పోయేకొద్దీ పైనున్న బరువుకి పగుళ్లు తగ్గిపోతాయి, ఉన్నవి కూడా సన్నబడిపోతాయి. కాబట్టి 1000లో లేని నీళ్లు 1500లో ఉంటాయన్నది ఆశే తప్ప నమ్మకం కాదు. ఒకవేళ అదృష్టం బాగుండి ఏదో పగులు తగిలినా అందులో ఉన్నది ఏళ్ల తరబడి మెల్లగా దిగి చేరిన నీరు, మీరు ఒక్క ఎండాకాలంలో తోడేస్తే ఒక్క వానాకాలంలో తిరిగి రాదు. పైగా ఆ పగులు మీ కాంపౌండ్ గోడ దగ్గర ఆగిపోదు కదా, పక్క అపార్ట్‌మెంట్ వాళ్ల కింద నుంచి కూడా పోతుంది, మీరు 1500 వేస్తే వాళ్ల బోరు ఎండుతుంది, వాళ్లు ఇంకా కిందికి వెళ్తారు, చివరికి ఇద్దరికీ ట్యాంకరే దిక్కవుతుంది. ప్రపంచం మొత్తం మీద తోడుతున్న భూగర్భ జలాల్లో సుమారు నాలుగో వంతు మన దేశమే తోడుతోంది, అమెరికా, చైనా రెండూ కలిపినా మనంత తోడవు. అందులో ఎక్కువ సాగుకే పోతుంది నిజమే, కానీ పొలంలో కనీసం కొంత తిరిగి భూమిలోకి దిగుతుంది, సిటీలో నేలంతా సిమెంటు, టైల్స్, తోడుకోవడమే గానీ దిగడానికి దారే లేదు. ఇంకోటి, నీళ్లు, భూమి, చెట్లని కాపాడటానికి 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం బోరుకి పర్మిషన్ కావాలి, రిగ్గు వాళ్లు రాత్రికి రాత్రి కొట్టేసి వెళ్లిపోతారు, తర్వాత నోటీసొస్తే మీకే.

మరి ఏం చేయాలి? మీ టెర్రస్ లెక్క వేద్దాం. 40 ఫ్లాట్లంటే టెర్రస్ సుమారు 1000 గజాలు ఉంటుందనుకుందాం. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడుతుంది, అంటే ఒక్క మీ టెర్రస్ మీదే ఆరున్నర లక్షల లీటర్లు పడి కిందికి వెళ్లిపోతోంది. ఆవిరయ్యేది, మొదటి వానకి మురికితో వదిలేయాల్సింది తీసేసినా 5 లక్షల లీటర్లు చేతికొస్తాయి, 5000 లీటర్ల ట్యాంకర్లయితే 100. అయితే దీంతో అంతా సెట్ అయిపోతుందని నేను చెప్పను. మనిషికి రోజుకి 135 లీటర్లు, ఫ్లాటుకి నలుగురు అని లెక్కేస్తే మీ 40 ఫ్లాట్లకి ఆ 5 లక్షలు మూడు వారాలకి కొంచెం ఎక్కువ వస్తాయి, అంతే. ఏడాదంతా మన నెత్తిన పడే నీళ్లు మనకి మూడు వారాలే వస్తున్నాయంటే మిగతా 49 వారాలు ఎవరి నీళ్లో తెచ్చుకుని వాడుతున్నట్టే, దీని గురించి తర్వాతి జవాబులో చెప్తాను.

ముందు పని సంగతి. మీ అపార్ట్‌మెంట్‌కి పర్మిషన్ తీసుకున్నప్పుడు ఇంకుడు గుంత చూపించే ఉంటారు, అదెక్కడుందో వాచ్‌మన్‌ని అడిగి కనుక్కోండి, చాలా చోట్ల దాని మీద కార్ పార్కింగ్ ఉంటుంది, లేకపోతే మిగిలిన సిమెంటు బస్తాలు, విరిగిన టైల్స్‌తో నిండిపోయి ఉంటుంది. దాన్ని ఖాళీ చేయించి అడుగున 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం, పైన దొడ్డు ఇసుక వేయించండి, పైన కొంత ఖాళీ వదలాలి, అప్పుడే పెద్ద వాన పడ్డప్పుడు నీళ్లు నిలబడి దిగుతాయి. ఏటా మే నెలలో పై ఇసుక పొర తీసి కడిగించాలి, ఈ ఒక్క పని ఎవరూ చేయరు, రెండేళ్లకి ఒండు పట్టేసి గుంత కాస్తా నీళ్ల తొట్టి అయిపోతుంది. ఎండిపోయిన ఆ 400 అడుగుల బోరు పూడ్చేయకండి, టెర్రస్ నీళ్లని ఫిల్టర్ చేసి దాంట్లోకి వదలొచ్చు. కానీ టెర్రస్ నీళ్లు మాత్రమే, పార్కింగ్‌లో ఆయిల్ కలిసిన నీళ్లు, డ్రైనేజీ పొంగిన నీళ్లు పొరపాటున కూడా బోరులోకి పోకూడదు, పోతే చుట్టుపక్కల అందరి బోర్లూ పాడవుతాయి. దాంతో పాటు ఫ్లాటుకో మీటర్ పెట్టండి. ఎవరు ఎంత వాడితే అంత కట్టాలి అన్నప్పుడే వాడకం తగ్గుతుంది.

ప్రశ్న: గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడు అనేవాళ్లు మా రోజుల్లో. ఇప్పుడు మా మనవడు గండిపేట అంటే పిక్నిక్ స్పాట్ అంటున్నాడు. అసలు ఇప్పుడు మన నల్లాలో వచ్చేది ఏ నీళ్లు? – రిటైర్డ్ టీచర్, మెహిదీపట్నం

జవాబు: మాస్టారూ, ఈ సంచిక మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మీదే. 1908లో మూసీ వరదకి వేలమంది చనిపోయాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది, ఆయన సలహాల మీదే మూసీ మీద మనం గండిపేట అనే ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి, మొదటిది 1920లో, రెండోది 1927లో. వరద ఆపడానికి కట్టినవి, తాగునీళ్లూ ఇచ్చాయి. సిటీ పెరిగింది, 1960ల్లో మంజీరాకి వెళ్లాం. అదీ చాలక 1990ల్లో సింగూరు. అదీ చాలక 2000ల్లో కృష్ణా, నాగార్జునసాగర్ వెనక నీళ్ల నుంచి, వంద కిలోమీటర్ల పైనే దూరం. 2015 చివర్లో గోదావరి, ఎల్లంపల్లి నుంచి, సుమారు 186 కిలోమీటర్లు. మీ మెహిదీపట్నంలో ఇవాళ నల్లా తిప్పితే కృష్ణా వస్తుందా మంజీరా వస్తుందా అన్నది లైన్ బట్టి ఉంటుంది, కానీ సిటీ మొత్తంగా బతుకుతున్నది కృష్ణా, గోదావరి మీదే.

మన సిటీ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, నాగార్జునసాగర్ నిండుగా ఉన్నప్పుడు కూడా నీటిమట్టం 180 మీటర్లే, ఎల్లంపల్లి ఇంకా కింద. అంటే కృష్ణా, గోదావరి నుంచి మన బకెట్‌లోకి వచ్చే ప్రతి చుక్కనీ 300 మీటర్ల పైన ఎత్తుకి పంపులతో ఎక్కిస్తున్నారు, ఆ పంపులకి కరెంటు కావాలి, మన కరెంటులో పెద్ద వాటా బొగ్గుదే, ఒక్క సింగరేణే ఏడాదికి సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు తవ్వుతోంది. నల్లా వదిలేసి పళ్లు తోముకుంటే పోయేది నీళ్లొక్కటే కాదు, వాటి వెనక బొగ్గు కూడా పోతోంది.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. వెనకటి రోజుల్లో ఊళ్లో బావి అడుగంటితే ఊరంతా చూసేది, భయపడేది, చెరువు పూడిక తీసేది, ఎవరు ఎంత తోడుకోవాలో కట్టుబాటు చేసుకునేది. మనకి ఆ భయం ఎప్పుడూ తెలియలేదు, ఎందుకంటే ఒకటి చాలనప్పుడల్లా ఇంకొంచెం దూరం వెళ్లి ఇంకోటి తెచ్చుకున్నాం, నల్లాలో నీళ్లు ఆగలేదు కాబట్టి ఏదీ తగ్గినట్టు అనిపించలేదు. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల వరకు 84 గ్రామాల్లో కట్టడాలు అడ్డుకోవడానికి 1996లో జీవో 111 తెచ్చారు, 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు, అప్పుడు చెప్పిన కారణం ఏంటంటే సిటీ ఇప్పుడు ఈ నీళ్ల మీద ఆధారపడట్లేదు కదా అని. దూరం నుంచి తెచ్చుకోగలుగుతున్నాం కాబట్టి దగ్గరున్నది పోయినా పర్లేదు అన్నమాట. ఇది పూర్తిగా తప్పు ఆలోచన అని నేను గట్టిగా చెప్తాను. కృష్ణా నీళ్ల మీద ఇప్పటికే రాష్ట్రాల మధ్య తగాదా ఉంది, గోదావరి తర్వాత మనకి ఇంకో నది లేదు. సిటీలు, దేశాలు అన్నీ ఇదే పద్ధతిలో ఇంకా దూరం ఇంకా దూరం అంటూ వెళ్తే భూమి మొత్తానికి ఆ ‘ఇంకా దూరం’ ఎక్కడుంటుంది చెప్పండి?

ప్రశ్న: ఎర్త్ ఓవర్‌షూట్ డే అని ఏటా న్యూస్‌లో వస్తుంది, 2025లో జులై 24 అన్నారు. అంటే జులై తర్వాత భూమ్మీద ఏమీ మిగల్లేదనా? ఇది లెక్కా లేక భయపెట్టడమా? – బీటెక్ స్టూడెంట్, ఘట్‌కేసర్

జవాబు: లెక్కే తమ్ముడూ, కాకపోతే దేని లెక్కో తెలుసుకోవాలి. గ్లోబల్ ఫుట్‌ప్రింట్ నెట్‌వర్క్ అనే సంస్థ చేస్తుంది. అడవులు, పొలాలు, సముద్రాలు కలిసి ఒక ఏడాదిలో ఎంత తిరిగి పుట్టించగలవు, మనం ఎంత వాడుతున్నాం, ఈ రెండూ పోల్చి ఏడాదికి సరిపడాల్సింది ఏ తారీఖుకి అయిపోతోందో చెప్తారు. 1970ల మొదట్లో అది డిసెంబర్‌లో పడేది, ఇప్పుడు జులైకి వచ్చింది, అంటే దాదాపు 1.8 భూములు కావాల్సినంత వాడుతున్నాం. మిగిలిన ఐదు నెలలు ఎలా నడుస్తోందంటే, విత్తనాలకి దాచిన వడ్లు దంచుకుని తిన్నట్టు, ఆ పూటకి కడుపు నిండుతుంది, తొలకరికి చల్లడానికి గింజ ఉండదు. నరికిన అడవి, పట్టేసిన చేప పిల్లలు, గాల్లో పేరుకుంటున్న కార్బన్ అన్నీ ఆ వడ్లే.

దీని మీద విమర్శలు కూడా ఉన్నాయి, నువ్వు చదువుకున్నవాడివి కాబట్టి చెప్తున్నా, ఈ లెక్కలో సుమారు 60 శాతం కార్బన్‌దే, ఆ కార్బన్‌ని పీల్చుకోవడానికి ఎంత అడవి కావాలి అని మార్చి చెప్తారు, గనుల్లో తవ్వే ఖనిజాలు, భూగర్భ జలాలు ఇందులో సరిగ్గా రావు. అందుకే దీనితో పాటు ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన లెక్క కూడా చూడు. 1970లో ప్రపంచం మొత్తం తవ్వి, కోసి, నరికి తీసింది 3000 కోట్ల టన్నులు, ఇప్పుడు 10,600 కోట్ల టన్నులు. మనిషికి రోజుకి 23 కిలోలు ఉండేది 39 కిలోలైంది. ఇలాగే పోతే 2060కి ఇంకో 60 శాతం పెరుగుతుందని అంచనా.

ప్రశ్న: నాదర్‌గుల్ దగ్గర ఇల్లు కట్టుకుంటున్నాం. రివర్ సాండ్ వాడాలా, రోబో సాండ్ వాడాలా? మేస్త్రీ రివర్ సాండే గట్టి అంటున్నాడు, రేటు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. – ఒక ప్రైవేట్ ఉద్యోగి, ఎల్.బి.నగర్

జవాబు: స్లాబుకి, పిల్లర్లకి మంచి రోబో సాండ్, అంటే రాయిని మెషీన్‌లో ఆడించి తీసిన ఇసుక, నిశ్చింతగా వాడొచ్చండి. ప్రపంచంలో నీళ్ల తర్వాత మనం ఎక్కువగా వాడుతున్నది ఇసుక, కంకరే, ఏడాదికి 5000 కోట్ల టన్నులని అంచనా. ఎడారుల్లో కావాల్సినంత ఉంది కదా అంటారు, కానీ గాలికి దొర్లి దొర్లి ఆ రేణువులు గుండ్రంగా నున్నగా అయిపోతాయి, కాంక్రీట్‌లో పట్టు ఉండదు, అందుకే అందరూ నదుల మీద పడ్డారు. నదిలో ఇసుక ఉత్తగా పడి ఉన్నది కాదు, వరద నీళ్లని పట్టి ఉంచి ఎండాకాలంలో పక్క ఊళ్ల బావుల్లోకి వదిలేది అదే. ఇసుక లారీలు తిరిగిన వాగు పక్కన ఏ రైతుని అడిగినా చెప్తాడు బావి ఎంత లోతుకి పోయిందో.

అలాగని రోబో సాండ్ పుణ్యానికి రాదు, గుట్టని పేల్చి క్రషర్లో ఆడించినదే, క్రషర్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ దుమ్ము పీలుస్తున్నారు. కాబట్టి అసలు మార్గం తక్కువ వాడటం, నలుగురు ఉండే ఇంటికి ఎంత కావాలో అంతే కట్టుకోండి, పక్కవాళ్లు జీ ప్లస్ త్రీ వేశారని మీరూ వేయకండి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త, క్రషర్ డస్ట్‌నే రోబో సాండ్ అని అంటగట్టేవాళ్లు ఉన్నారు. ఒక గాజు గ్లాసులో సగం వరకు ఆ ఇసుక వేసి నీళ్లు పోసి బాగా కలిపి కాసేపు వదిలేయండి, పైన మందంగా బురద పొర తేలితే ఆ లోడు వెనక్కి పంపేయండి. ప్లాస్టరింగ్‌కి వేరేగా కడిగిన సన్న రకం వస్తుంది, అది అడగండి. పాత ఇల్లు పడగొట్టి కడుతున్నట్టయితే ఆ చెత్తని చెరువు గట్టున పోయించకండి, జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో దాన్ని మళ్లీ కంకర, ఇసుకగా మార్చే ప్లాంట్లు ఉన్నాయి.

ప్రశ్న: భూమి పాడైపోతే మార్స్‌కి వెళ్లిపోవచ్చు కదా? – 8వ తరగతి, ఉప్పల్

జవాబు: వెళ్లడానికే ఆరేడు నెలలు పడుతుంది తల్లీ. అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గరున్న దాంట్లో ఒక శాతం కూడా లేదు, ఉన్నదాంట్లో 95 శాతం కార్బన్ డయాక్సైడ్, సగటు చలి మైనస్ 60 డిగ్రీలు. ఎంత పాడైపోయిన భూమి అయినా దానికంటే వెయ్యి రెట్లు నయం, ఇక్కడ బయటికెళ్లి ఊపిరి తీసుకోవచ్చు. సైంటిస్టులు మార్స్ మీద పరిశోధన చేయాలి, నువ్వూ పెద్దయ్యాక చేయొచ్చు, కానీ 800 కోట్ల మందిని అక్కడికి తీసుకెళ్లడం జరిగే పని కాదు.

ప్రశ్న: ఎన్ని చెప్పినా అసలు సమస్య జనాభా. అది తగ్గితే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. ఒప్పుకుంటారా? – ఒక వ్యాపారి, అమీర్‌పేట

జవాబు: సగమే ఒప్పుకుంటాను. జనం పెరిగితే భారం పెరుగుతుంది, కాదనను. కానీ తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున పుడుతున్న పిల్లలు 1.8 మాత్రమే, దేశం మొత్తం మీద 2, ఇది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఆ పని మన ఆడవాళ్లు ఎప్పుడో చేసేశారు, ఇంకా వాళ్లనే అనడం న్యాయం కాదు. మనదేశంలో మనిషికి ఏడాదికి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంటే అమెరికాలో 14 టన్నుల దాకా వస్తోంది. ధనిక దేశాల్లో ఒక మనిషి వాడే వనరులు పేద దేశాల మనిషి కంటే ఆరు రెట్లు. మరి జనాభా అంటే ఎవరి జనాభా? మన సిటీలోనే చూడండి, ఒక్క విల్లాలో లాన్‌కి, స్విమ్మింగ్ పూల్‌కి పోసే నీళ్లు ఒక బస్తీ గల్లీకి ఎన్ని రోజులు వస్తాయో. తలలు లెక్కపెట్టే ముందు ఆ లెక్క తీయాలి.

ప్రశ్న: నేను సిద్దిపేట దిక్కు నుంచి వచ్చి బోరబండల కిరాయికుంటున్న, ఆటో నడుపుత. నేనొక్కన్ని నల్లా బంద్ చేస్తే, కవర్ తీసుకోకుంటే లోకం బాగైతదా? పెద్దపెద్దోళ్లు ఇంటికి నాలుగు కార్లు పెట్టుకుంటరు, వాళ్లనెవ్వరు అడగరు. ఎప్పుడు జూసినా మాకే ఎందుకు చెప్తరు? – ఆటో డ్రైవర్, బోరబండ

జవాబు: అన్నా, మీరడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయం. ప్రపంచంలో బాగా డబ్బున్న 10 శాతం మందే దాదాపు సగం కర్బన ఉద్గారాలకి కారణం, కింద ఉన్న సగం మంది జనం వల్ల వచ్చేది సుమారు పదో వంతే. కాబట్టి మీరు స్నానానికి రెండు బకెట్లు బదులు ఒకటే పోసుకోండి అని నేను చెప్పను, ఆ మాట చెప్పాల్సింది వేరేవాళ్లకి.

కానీ ‘ఒక్కన్ని’ అన్న మాట దగ్గర ఆగుదాం. ఒక్కొక్కరుగా ఏమీ కాదు, కలిసి అడిగితే మాత్రం అవుతుంది. ఫ్రిజ్‌ల్లో, స్ప్రేల్లో వాడే గ్యాసుల వల్ల ఓజోన్ పొర పల్చబడుతోందని తేలాక 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది, తర్వాత్తర్వాత ప్రపంచ దేశాలన్నీ అందులో చేరాయి, ఆ గ్యాసులు ఆపేశాయి, ఇప్పుడు ఆ పొర కోలుకుంటోంది, చాలా చోట్ల 2040 నాటికి పాత స్థితికి వస్తుందని సైంటిస్టులు చెప్తున్నారు. చట్టం చేసి కంపెనీలతో మాన్పించారు కాబట్టే అయింది. మన దగ్గరే బన్సీలాల్‌పేట మెట్లబావి, దశాబ్దాలు చెత్తతో పూడిపోయి ఉండేది, బస్తీవాళ్లు, స్వచ్ఛంద సంస్థలు, అధికారులు కలిసి తవ్వి బాగు చేస్తే 2022 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. ఇంటికి నాలుగు కార్లు పెట్టుకునేవాళ్ల మీద పార్కింగ్ ఛార్జీ వేయమని, ట్యాంకర్లు మేడలకే కాదు బస్తీకి కూడా టైముకి పంపమని, బస్సులు పెంచమని మీ యూనియన్ అడగొచ్చు, ఓట్లకి వచ్చినోళ్లని నిలబెట్టి అడగొచ్చు.

మీ బండి సంగతి ఒకటి చెప్తాను, ఇది మీకు లాభం కూడా. 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేసింది, 2026 డిసెంబర్ 31 దాకా అని చెప్పారు, ఆటోలకీ వర్తిస్తుంది. ఉన్న బండి బాగుంటే ఇప్పుడే అమ్మేయకండి, మార్చే టైమొచ్చినప్పుడు మాత్రం చూడండి. కొనే ముందు బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో కాగితం మీద రాయించుకోండి, మీరు బండి ఆపే చోట రాత్రి ఛార్జింగ్‌కి మీటర్ ఇవ్వడానికి ఇంటి ఓనర్ ఒప్పుకుంటాడో లేదో ముందే మాట్లాడుకోండి.